థేమ్స్ ఒడ్డున పబ్‌లో భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసిందంటే చాలు, నా ఫోన్‌కి ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. కొత్తగా లండన్ వచ్చిన పిల్లలు, వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్లు, శాకాహారులు, ఒకసారి వెళ్లి ఆకలితో తిరిగొచ్చినవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. చట్టాల సంగతులన్నీ ఇంగ్లండ్‌వి. స్కాట్లాండ్‌లో కొన్ని వేరుగా ఉంటాయి.

## బయల్దేరే ముందు

పబ్ అంటే డీజే, డాన్సులు, చీకటి కదా! అమ్మానాన్నల్ని ఎలా తీసుకెళ్లను?

హైదరాబాద్‌లో పబ్ అంటే మనకు తెలిసింది వేరు, ఇక్కడి పబ్ వేరు. పబ్లిక్ హౌస్ అన్న మాటే పొట్టిగా పబ్ అయింది. మధ్యాహ్నం పూట తొంగి చూస్తే ఒక బల్ల దగ్గర తాతా మనవడూ, ఇంకో బల్ల కింద తడిసిన కుక్క, మూలన పేపరు చదువుకుంటూ ఒక పెద్దాయన కనిపిస్తారు. మందు ఎందుకు తాగట్లేదని ఎవరూ అడగరు. కాఫీ ముందు పెట్టుకుని గంటసేపు నది చూస్తూ కూర్చోవచ్చు. మా అత్తగారు మొదటిసారి గుమ్మం దగ్గరే ఆగిపోయి, "బ్రాందీ షాపులోకా అమ్మాయ్?" అన్నారు. పది నిమిషాలు గడిచేసరికి పక్క బల్లవాళ్ల కుక్కకి ఎన్నేళ్లో కనుక్కోమని నన్ను పోరుతున్నారు.

చిన్నపిల్లల్ని రానిస్తారా?

పెద్దవాళ్లు వెంట ఉంటే, భోజనం పెట్టే పబ్‌లలో చాలావరకు రానిస్తారు. రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో పిల్లల్ని తీసుకెళ్లిపోవాలని కొన్నిచోట్ల సొంత నియమం ఉంటుంది కాబట్టి బుక్ చేసేటప్పుడే అడగండి. నా భయమల్లా నది గురించే. ఒడ్డున కొన్నిచోట్ల రెయిలింగ్ ఉండదు. నీళ్లలోకి దిగే పాత మెట్లు పాచిపట్టి ఉంటాయి. నడక కొత్తగా వచ్చిన పిల్లలుంటే నీటి పక్క బల్ల వద్దనే చెబుతాను.

టేబుల్ ముందే బుక్ చేయాలా? నది కనిపించే బల్ల కావాలని అడగొచ్చా?

ఆదివారం మధ్యాహ్నానికి తప్పకుండా చేయాలి. ఎండ కాసే శనివారానికీ అంతే. మామూలు రోజుల్లో నలుగురి దాకా అయితే నేరుగా వెళ్లినా దొరుకుతుంది. కిటికీ పక్క బల్ల కావాలని రాయొచ్చు, ప్రయత్నిస్తామంటారు గానీ మాటివ్వరు. బయట తోటలో బల్లలు చాలాచోట్ల బుకింగ్‌కి ఇవ్వరు, ముందొచ్చినవాళ్లవే. రద్దీ రోజుల్లో గంటన్నర, రెండు గంటలని గడువు పెడతారు. తీరిగ్గా తినే కుటుంబమైతే ఆ గడువు ఎంతో ముందే కనుక్కోండి.

వసంతంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పడవ పందెం జరిగే రోజు మాత్రం పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా ఉన్న 6.8 కిలోమీటర్ల ఒడ్డు వైపు భోజనానికని వెళ్లకండి. నిలబడటానికే చోటుండదు.

పోటు చూసుకుని వెళ్లమంటున్నారు. నదికి పోటేమిటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నేను టీ ఇచ్చి కూర్చోబెడతాను. సముద్రపు పోటు థేమ్స్‌లోకి ఎక్కి, లండన్ నడిబొడ్డు దాటి, నగరం పడమటి వైపున్న టెడ్డింగ్టన్ లాక్ (నీటిని ఆపే తలుపుల కట్ట) దాకా వస్తుంది. లండన్ బ్రిడ్జి దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. ఆటు సమయంలో వెళ్తే మీ కిటికీ కింద బురద, గులకరాళ్లు, ఒరిగి పడుకున్న పడవలు కనిపిస్తాయి. అదే బల్ల దగ్గర ఆరు గంటల తర్వాత కూర్చుంటే గోడకి నీళ్లు కొట్టుకుంటుంటాయి.

పోటు రోజుకి రెండుసార్లు, ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు 12 గంటల 25 నిమిషాల ఎడంతో వస్తుంది. అందుకే రేపటి పోటు ఇవాళ్టికన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యం. పౌర్ణమి, అమావాస్యలు వెళ్లిన ఒకటి రెండు రోజులకి వచ్చేవి పెద్ద పోట్లు. లండన్ బ్రిడ్జి దగ్గర ఆ పెద్ద పోటు దాదాపుగా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే వస్తుంది. రిచ్‌మండ్ దగ్గరికి చేరేసరికి ఇంకో గంట పడుతుంది. పంచాంగం చూసే అలవాటున్న మనవాళ్లకి ఇది చాలా సులువు. పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి ఆదివారం పడితే, ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్తే నది నిండుగా ఎదురొస్తుంది. కచ్చితమైన వేళలు పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

పడమటి లండన్‌లో ఆ నిండు నది దారి మీదికి కూడా వచ్చేస్తుంది. రిచ్‌మండ్‌లోని వైట్ క్రాస్ పబ్ ఇందుకే పేరుపడింది. పెద్ద పోటుకి దాని ముందున్న దారి మునిగిపోతుంది. లోపల ఉన్నవాళ్లు కంగారుపడరు, ఇంకో గ్లాసు తెచ్చుకుని నీళ్లు తగ్గేదాకా కూర్చుంటారు. మీకు రైలు టైముందంటే మాత్రం బూట్లు చేత్తో పట్టుకోవాల్సిందే.

కారులో వెళ్లొచ్చా?

రైలు, బస్సు, పడవ ఏది వీలైతే అది. నది పక్క రోడ్డు ఖాళీగా కనిపించిందని కారు పెట్టేస్తే, అది ఎందుకు ఖాళీగా ఉందో పోటు వచ్చాక తెలుస్తుంది. పట్నీ రేవు రోడ్డు మీద చక్రాల దాకా నీళ్లలో నిలబడ్డ కార్లు కొత్త దృశ్యమేం కాదు. "ఈ రోడ్డు మునుగుతుంది" అన్న బోర్డు అక్కడ అలంకారానికి పెట్టలేదు.

ఇక తాగి నడపడం సంగతి. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అది ఎన్ని గ్లాసులకి వస్తుందో మనిషిని బట్టి మారుతుంది కాబట్టి లెక్కలు కట్టొద్దు. తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్లకి నిమ్మ సోడా.

ఇంతకీ ఏ పబ్‌కి వెళ్లమంటారు?

అమ్మానాన్నలతో అయితే గ్రీనిచ్. పడవలో వెళ్లి, కటీ సార్క్ ఓడ చూసి, 1837 నాటి ట్రఫాల్గర్ టావెర్న్ కిటికీల పక్కన కూర్చోవచ్చు. 19వ శతాబ్దంలో మంత్రులు పార్లమెంటు సమావేశాలు ముగిశాక పడవల్లో గ్రీనిచ్ వచ్చి వైట్‌బెయిట్ తినేవారు. తలా తోకా తీయకుండా పిండి అద్ది వేయించిన వేలెడంత చేపలవి, మన చిన్న చేపల వేపుడికి దగ్గర చుట్టం. చరిత్ర ఇష్టమైతే రాదర్‌హైత్‌లో మేఫ్లవర్. 1620లో అమెరికా వెళ్లిన మేఫ్లవర్ ఓడ బయల్దేరింది ఆ రేవునుంచే. హామర్‌స్మిత్‌లో డవ్ చాలా ఇరుకు, ఇద్దరికైతే బాగుంటుంది. పోటూ ఆటూ గొడవ లేకుండా ప్రశాంతంగా కావాలంటే ఆక్స్‌ఫర్డ్ దగ్గర ట్రౌట్ ఇన్.

## అక్కడికి వెళ్లాక

కూర్చుని పావుగంటైంది, ఒక్కరూ రావట్లేదు. మనల్ని కావాలనే పట్టించుకోవట్లేదా?

కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదన్న సామెత పబ్ కోసమే పుట్టిందనిపిస్తుంది. చాలా పబ్‌లలో మీ దగ్గరికి ఎవరూ రారు, మీరే కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. ముందు ఖాళీ బల్ల చూసుకుని దాని నంబరు గుర్తుపెట్టుకోండి. నంబరు బల్ల అంచున చిన్న బిళ్ల మీదో, చెక్క మీద చెక్కో ఉంటుంది. ఎవరికేం కావాలో ఫోన్‌లో రాసుకుని ఒకరు వెళ్లండి. నంబరు చెప్పి, ఆర్డరిచ్చి, అక్కడే డబ్బు కట్టేస్తే గ్లాసులు మీరు తెచ్చుకుంటారు, ప్లేట్లు వాళ్లు తెస్తారు. చెంచాలు, సాస్‌లు తరచుగా ఒక మూల బల్ల మీద పెట్టి ఉంటాయి.

కౌంటర్ దగ్గర క్యూ కనిపించదు గానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరొచ్చారో అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు. మీకన్నా ముందొచ్చినాయన్ని వదిలి మిమ్మల్ని అడిగితే, "ముందు ఆయన" అని చూపిస్తే మీ మర్యాద పదింతలవుతుంది. చెయ్యి ఊపడం, చిటికెలు వేయడం, నోటు చూపించడం వద్దు. గుమ్మం దగ్గర "ఇక్కడ ఆగండి, మేం కూర్చోబెడతాం" అన్న బోర్డుంటే మాత్రం అది బల్ల దగ్గరికే వచ్చి అడిగే చోటు.

నాకు 27 ఏళ్లు. అయినా వయసు రుజువు అడిగారు, అవమానించినట్టా?

పొగడ్త అనుకోండి. మందు కొనడానికి 18 నిండాలి, కానీ 25 కన్నా చిన్నగా కనిపించేవాళ్లందరినీ అడగడం చాలా పబ్‌ల పద్ధతి. పాస్‌పోర్టో, బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్సో చూపిస్తే సరి. ఆధార్ కార్డు ఇక్కడ పనికిరాదు. 16, 17 ఏళ్లవాళ్లు పెద్దవాళ్లతో కూర్చుని భోజనం చేస్తూ బీరు, వైన్, సైడర్ తాగొచ్చని చట్టం ఒప్పుకుంటుంది. కొనాల్సింది పెద్దవాళ్లే. అయినా పబ్ వద్దనొచ్చు.

లోపల కూర్చోవాలా, బయటా?

మేఘాలు లేకపోతే బయట, కానీ స్వెటర్ మరవకండి. ఎండ మబ్బు చాటుకి వెళ్లగానే నది మీంచి చలిగాలి కొడుతుంది. ఆగస్టులో కందిరీగలు తీపి గ్లాసుల మీద వాలతాయి, తాగే ముందు ఒకసారి లోపలికి చూడండి. చిప్స్ (ఇక్కడ ఆ మాటకి ఫ్రెంచ్ ఫ్రైస్ అని అర్థం) పళ్లెం వదిలి ఫోటోకి లేస్తే సముద్రపు కాకులు ఊరుకోవు. సిగరెట్ కాల్చేవాళ్లు బయటే ఉంటారు, ఎందుకంటే 2007 జులై 1 నుంచి లోపల నిషేధం.

## ఏం తినాలి

గొడ్డు మాంసం, పంది మాంసం తినం. పేరు చూసి ఎలా పట్టుకోవాలి?

పేర్లు రెండు వైపులా మోసం చేస్తాయి. షెపర్డ్స్ పైలో ఉండేది గొర్రె, దాని కవల పిల్లలా కనిపించే కాటేజ్ పైలో గొడ్డు మాంసం. మిన్స్ (ఖీమా) అని ఊరికే రాస్తే చాలావరకు గొడ్డు మాంసమే. ఏ మాంసమో చెప్పని బర్గర్ కూడా అంతే. బ్యాంగర్స్, గ్యామన్, పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ పంది మాంసం. స్కాచ్ ఎగ్ అంటే గుడ్డే కదా అనుకుంటే పొరపాటు, ఆ గుడ్డు చుట్టూ చుట్టింది పంది ఖీమా. బ్లాక్ పుడింగ్ తీపి వంటకం కాదు, పంది రక్తంతో చేసేది. మరోవైపు టోడ్ ఇన్ ది హోల్‌లో కప్ప లేదు, పిండిలో కాల్చిన సాసేజ్‌లు. వెల్ష్ రేర్‌బిట్‌లో కుందేలు లేదు, రొట్టె మీద కరిగించిన చీజ్.

అసలు చిక్కు కనిపించని కొవ్వుతోనే. డ్రిప్పింగ్ అంటే గొడ్డు కొవ్వు, కొన్నిచోట్ల చిప్స్ అందులోనే వేయిస్తారు. స్యూయెట్ అన్న మాట "చికెన్ పై" (పిండి పొరలో కూరి కాల్చిన చికెన్) పక్కన కనిపించినా ఆగండి. ఆ పొర పిండిలో కలిపే కొవ్వు అది, మామూలుగా గొడ్డుదే. "చిప్స్ దేంట్లో వేయిస్తారు?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. ఎవరూ విసుక్కోరు.

మా అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినదు. ఆమెకి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ శాకాహార గుర్తు చూసి ఆగిపోకండి. ఇక్కడ శాకాహారమంటే గుడ్డు ఉండొచ్చు. మనింటి శాకాహారికి దగ్గరైంది వీగన్ గుర్తు. దాంట్లో గుడ్డూ ఉండదు, పాలూ ఉండవు. వీగన్ వంటకం తీసుకుని పైన వెన్నో చీజో అడిగితే అమ్మకి సరిపోయే పళ్లెం తయారవుతుంది. పుట్టగొడుగుల "పై", కూరగాయల బర్గర్, నట్ రోస్ట్ (జీడిపప్పులాంటి గింజల్ని ముద్దగా కట్టి కాల్చినది) తరచుగా ఉంటాయి. నట్ రోస్ట్‌ని గుడ్డుతో కట్టే వంటవాళ్లున్నారు, అడగండి. పర్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. వూస్టర్ సాస్‌లో మామూలుగా చేప ఉంటుంది. చేపలు, చిప్స్ ఒకే నూనెలో వేయించడం మామూలు, అది పట్టింపైతే చిప్స్ బదులు జాకెట్ పొటాటో చెప్పండి. తొక్కతో కాల్చిన పెద్ద బంగాళాదుంప, లోపల వెన్న, బీన్స్. మా అత్తగారి ఓటు దానికే.

సండే రోస్ట్ అంటే ఏమిటి? అంత గొప్పా?

ఆదివారం మధ్యాహ్నం కాల్చిన మాంసం ముక్కలు, కాల్చిన బంగాళాదుంపలు, ఉడికిన కూరగాయలు, పైన గ్రేవీ. పక్కన యార్క్‌షైర్ పుడింగ్ అని గుడ్డు, పాలు, మైదా కలిపి వేడి కొవ్వులో పొంగించినది ఒకటి ఉంటుంది. అంచులు కరకరలాడుతూ పైకి లేచి, నడుమ గుంట పడుతుంది. ముద్దపప్పులో నెయ్యికి గుంట చేస్తామే, అలా ఆ గుంటలో గ్రేవీ పోసుకోవాలి. గొడ్డు మాంసం వద్దంటే కోడి, గొర్రె ఉంటాయి. అయితే కోడికి పోసే గ్రేవీ కూడా ఉమ్మడి కుండలోదై ఉండొచ్చు, బంగాళాదుంపలు బాతు కొవ్వులో కాల్చి ఉండొచ్చు. నా మాటగా చెప్పాలంటే మాంసం మామూలే, ఆ బంగాళాదుంపల కోసమే నేను వెళ్తాను. మధ్యాహ్నం మూడు దాటితే తరచుగా అయిపోయిందంటారు.

అంతా చప్పగా ఉంటుందట. కారం అడగొచ్చా?

అడగండి, చిల్లీ సాస్ ఉంటే ఇస్తారు. కానీ ముందు ఇక్కడి ఘాటు రుచి చూడండి. ఇంగ్లిష్ మస్టర్డ్ చూడ్డానికి పసుపు వెన్నలా అమాయకంగా ఉంటుంది. మా మరిది దాన్ని చట్నీలా రొట్టె నిండా పట్టించాడు. ఒక్క ముద్ద లోపలికి వెళ్లాక మాట లేదు, ముక్కులోంచి ఆవపెట్టిన కూర వందరెట్లు తగిలినట్టు కళ్లనీళ్లు. హార్స్‌రాడిష్ కూడా అదే జాతి. గోరుమీద పట్టేంత చాలు. చేప మీద మాల్ట్ వెనిగర్, ఉప్పు దండిగా వేసుకుంటే చప్పదనం సగం పోతుంది.

వేరుశెనగ పడదు. చెబితే సీరియస్‌గా తీసుకుంటారా?

తీసుకుంటారు. వేరుశెనగ, గుడ్డు, పాలు, నువ్వులు, ఆవాలతో సహా 14 రకాల అలర్జీ పదార్థాల వివరం చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. ఆర్డర్‌కి ముందే చెప్పండి, పట్టిక తెచ్చి చూపిస్తారు.

చేప హలాల్ సమస్య లేదనుకుని ఫిష్ అండ్ చిప్స్ చెప్పొచ్చా?

పిండిలో బీరు కలిపి ముంచే పద్ధతి పబ్‌లలో బాగా ఉంది. బీర్ బ్యాటర్ అని మెనూలో రాసి ఉంటుంది. కాల్చిన చేప అడగడం మేలు. హలాల్ మాంసం మామూలు పబ్‌లో అరుదు.

సూర్యాస్తమయం చూస్తూ తిందామనుకున్నాం. కిచెన్ మూసేశామన్నారు!

మాకూ ఇదే జరిగింది. జూన్‌లో లండన్‌లో సూర్యుడు అస్తమించేది దాదాపు తొమ్మిది ఇరవైకి. నీళ్లు బంగారంలా మెరుస్తుంటే ఎనిమిదిన్నర అయినట్టే అనిపించలేదు. తీరిగ్గా తొమ్మిదీ ఐదుకి కౌంటర్ దగ్గరికి వెళ్తే మిగిలింది క్రిస్ప్స్ (మన చిప్స్) పొట్లాలు. ఆరుగురం, నాలుగు పొట్లాలు. పబ్ పదకొండు దాకా తెరిచి ఉన్నా వంటగది తొమ్మిదికే, ఆదివారమైతే ఇంకా ముందే మూస్తారు. కొన్నిచోట్ల మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఆరు దాకా కూడా పొయ్యి ఆరిపోతుంది. పబ్ వేళలు కాదు, వంటగది వేళలు కనుక్కోండి.

## తాగడానికి

మందు ముట్టం. ఏం తీసుకోవాలి?

లైమ్ అండ్ సోడా చవక, హాయి. ఎల్డర్‌ఫ్లవర్ అని తెల్ల పూల షర్బత్ ఒకటుంది, మన పెద్దవాళ్లకి నచ్చుతుంది. ఆల్కహాల్ లేని బీర్లు కూడా ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది సైడర్‌తో. యాపిల్ రసం అనుకుని పిల్లలకి చెప్పేస్తారు, ఇక్కడ సైడర్ అంటే మందే. షాండీలో సగం బీరు. జింజర్ బీర్‌లో మామూలుగా ఆల్కహాల్ ఉండదు గానీ ఉండేవీ ఉన్నాయి. కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది లైసెన్స్ షరతు. "ట్యాప్ వాటర్" అని చెప్పండి, వట్టి "వాటర్" అంటే సీసా వస్తుంది, బిల్లూ వస్తుంది.

పైంట్ అంటే ఎంత? బీరు చల్లగా లేదేం?

568 మిల్లీలీటర్లు, మన పెద్ద బీరు సీసా కన్నా కాస్త తక్కువ. సగం అడిగినా ఎవరూ నవ్వరు. చేతి పంపుతో లాగి పోసే ఏల్ అనే బీరు నేలమాళిగ చల్లదనంతోనే, అంటే 11 నుంచి 13 డిగ్రీలతో ఇస్తారు. పాడైందని వెనక్కి పంపకండి. మంచులాంటిది కావాలంటే లాగర్ బీరు అడగండి. శాకాహారం పట్టింపుగా పాటించేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి: పీపా ఏల్ తేటపడటానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడే అలవాటు ఇంకా ఉంది.

ఆఫీసువాళ్లతో వెళ్తే ఒకడు అందరికీ కొన్నాడు. నేను నా వాటా ఇవ్వాలా?

డబ్బు చేతిలో పెట్టొద్దు. దాన్ని రౌండ్ అంటారు. వాళ్ల గ్లాసులు ఖాళీ అవుతుండగా లేచి, "మీకేం తేను?" అనడమే మీ వాటా. మీరు సోడాయే తాగినా మీ వంతు వదలొద్దు. ఈ లెక్క ఎవరూ పైకి అనరు గానీ అందరికీ గుర్తుంటుంది.

## బిల్లు, బయల్దేరడం

టిప్పు ఎంత ఇవ్వాలి?

కౌంటర్ దగ్గర కొన్న గ్లాసులకి అక్కర్లేదు. బల్ల దగ్గర వడ్డించినచోట బిల్లులో 10 లేదా 12.5 శాతం సర్వీస్ చార్జ్ ముందే కలిపి ఉండొచ్చు. దాని పక్కన "ఐచ్ఛికం" అని ఉంటే తీసేయమని మర్యాదగా అడగొచ్చు. కలిపి ఉంటే పైన మళ్లీ ఇవ్వకండి. 2024 అక్టోబర్ 1 నుంచి టిప్పులన్నీ పనివాళ్లకే చేరాలని చట్టం వచ్చింది.

గంట కొట్టారు. వెళ్లిపోమనా?

మొదటి గంట చివరి ఆర్డర్లకి. ఇంకో గ్లాసు కావాలంటే అప్పుడే. రెండోసారి కొడితే కౌంటర్ మూసేసినట్టు. చేతిలో ఉన్నది ముగించడానికి కాస్త వ్యవధి ఇస్తారు.

ఇంట్లోంచి పులిహోర తెచ్చాం. బయట బల్ల మీద తినొచ్చా?

పబ్ బల్ల మీద వద్దు, తోటలోదైనా సరే. పసిపిల్లల ఉగ్గుకి ఎవరూ అడ్డు చెప్పరు. పులిహోర మాత్రం ఒడ్డు వెంట నాలుగడుగులు నడిచి బెంచీ మీద విప్పుకోండి. హంసలు వస్తాయి, భయపడకండి. కానీ డబ్బా మూత పెట్టుకోండి.